గోడ చివర

క్వారీ షెడ్లు, గజపతినగరం దగ్గర
11 డిసెంబరు 2023

చెల్లెలు ఏసమ్మకు,

మీ అన్న పరంజ్యోతి రాస్తున్నాను. ఈ ఉత్తరం పోస్టులో రాలేదు, రాళ్ళ లారీలో వచ్చింది. తెచ్చినవాడు ఈశ్వర్, సాలూరు డ్రైవరు. మంచివాడే గాని వాగుడెక్కువ అంటారు. నాకు చెవులు పోయాయి కనుక ఆ బాధ లేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే నా అరచేతిలో వేలితో రాస్తాడు.

మన సరుగుడుపేటకు సముద్రపు గోడ మంజూరైంది. కాంట్రాక్టరు నరసింగరావు గారు రాయి మా క్వారీ నుంచే తీసుకుంటున్నారు. ఆఫీసులో అంటించిన కాగితం మీద ఊరి పేరు చూసి రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళుగా ఈ కొండ పగలగొడుతున్నాను. రాయి రోడ్లకు పోయింది, రైలు కట్టలకు పోయింది, మొహం తెలియని వాళ్ళ ఇళ్ళకు పోయింది. మన ఊరికి పోవడం ఇదే మొదలు. లోడింగు దగ్గరుండి చూస్తున్నాను. పగులున్న రాయిని ఎక్కనివ్వడం లేదు.

మొన్నటి తుఫానుకు మీ వీధిలో రెండు ఇళ్ళు పడ్డాయని ఈశ్వర్ రాసి చూపించాడు. ఇక భయం లేదు.

మీ వదిన సమాధి ఎలా ఉంది? పక్కన నా స్థలానికి నాలుగు మూలలా పెట్టిన రాళ్ళు ఉన్నాయా? ప్రిస్కిల్లా పోయి తొమ్మిదేళ్ళు. ఇక్కడే కొండ కింద పాతెయ్యమన్నారు. నేను వినలేదు. "రాళ్ళ మధ్య బతికినాను, ఇసకలో పడుకోబెట్టు" అని తను అడిగింది. నా వంతు వచ్చినప్పుడు నాదీ అదే మాట. సంఘ పెద్ద విక్టర్‌కు ఇది మళ్ళీ గుర్తు చెయ్యి.

ఎండు చేపలు, ముఖ్యంగా నెత్తళ్ళు, ఉంటే లారీలో పెట్టు.

నీ అన్న,
పరంజ్యోతి


సరుగుడుపేట
18 డిసెంబరు 2023

అన్నకు,

ఈశ్వర్ లారీ దిగకుండానే "ఏసమ్మంటే ఎవులమ్మా?" అని వీధంతా అదిరేలా అరిచాడు. పక్కింటి లక్ష్మణమ్మ నాకంటే ముందు పరిగెత్తింది. "ఏటే ఏసమ్మా, మీ అన్న కొండనంతా మనూరికి తోలేత్తన్నాడేటి? ఓ రాయి మా గుమ్మం కాడ కూడా ఎయ్యమను, కూకోడానికి" అంది.

రాళ్ళు పెద్దవి. మిషను ఒక్కొక్కటీ దింపుతుంటే ఇంట్లో గిన్నెలు కదులుతున్నాయి. దక్షిణాన తుఫాను షెల్టరు దగ్గర మొదలుపెట్టారు. మా వీధి ముందు నుంచి వచ్చి, పడవలు లాగే చోటు దాటాక ఆగుతుందట. అక్కడి నుంచి సమాధుల తోటకు ఉత్తరంగా రెండు వందల అంగలు. నడిచి కొలిచాను. మధ్యలో సరుగుడు తోపు ఉంది. కాబట్టి వదినకు గోడ అవసరం లేదు. నీ నాలుగు రాళ్ళూ ఉన్నాయి. ఒకదాని మీద మేక పడుకుని ఉంటే తోలాను.

మీ బావకు మాత్రం ఇది నచ్చలేదు. "ఇంటికి గోడ గాని సముద్రానికి గోడేటి? వానల్లో ఇసక పట్టుకుపోతాది, ఎండల్లో తెచ్చి పోస్తాది. ఎప్పుడూ ఉన్నదే కదా" అంటాడు. రెండు ఇళ్ళు పడ్డాక ఆ మాట ఎవరికీ ఎక్కడం లేదు. నాకూ ఎక్కలేదు. వరసలో మాది మూడో ఇల్లు.

నెత్తళ్ళు రెండు కిలోలు, కవళ్ళు ఒక కిలో పెట్టాను. నీకు దగ్గు వస్తుందని ఈశ్వర్ చెప్పాడు. రాత్రి పూట మజ్జిగ తాగకు.

ఏసమ్మ


క్వారీ షెడ్లు
20 మార్చి 2024

ఏసమ్మా,

ఈస్టరు పదకొండు రోజుల్లో ఉంది. మీ వదిన సమాధికి రెండు బస్తాల సున్నం పంపుతున్నాను. ముందు రోజే నానబెట్టు. రెండు పూతలు వెయ్యి. చివరి పూతలో నీలిమందు చిటికెడు చాలు, పోయినేడు ఎక్కువ వేసి చాకిరేవులా చేశావు. కొవ్వొత్తులు కొబ్బరి చిప్పల్లో పెట్టు, గాలికి ఆరవు. సున్నం మిగిలితే పక్కవాళ్ళ సమాధులకు కూడా వెయ్యి.

నేను రాలేను. పేలుళ్ళ పని ఈ నెలాఖరు దాకా ఉంది. మీ గోడకే కదా. నూట యాభై లారీలు దాటాయి. ఇక్కడ కొండకు ఒక వైపు పూర్తిగా పోయింది. పొద్దున సూర్యుడు ఇదివరకటి కంటే ముందు కనపడుతున్నాడు.

దగ్గు తగ్గలేదు. మజ్జిగ వల్ల కాదు.

పరంజ్యోతి


సరుగుడుపేట
3 ఏప్రిల్ 2024

అన్నకు,

ఈస్టరునాడు తెల్లవారకముందే అందరం సమాధుల తోటకు వెళ్ళాం. నీలిమందు సరిగానే వేశాను. విక్టర్ ప్రార్థన చేశాడు, పొడుగ్గా. సముద్రంలోంచి సూర్యుడు వచ్చేసరికి ముప్పై సమాధులూ తెల్లగా వెలిగాయి. వదిన దగ్గర ఆరు కొవ్వొత్తులు పెట్టాను. నీ స్థలంలో కూడా ఒకటి పెట్టబోతే లక్ష్మణమ్మ చెయ్యి పట్టుకుంది. "బతికున్నోడికి దీపమెడతావేటే?" అని తిట్టింది. ఆవిడ హిందువు. అయినా ప్రతి ఏడూ వస్తుంది, వదినంటే ఇష్టం.

గోడ అయిపోయింది. ఇంటి ముందు నిలబడితే సముద్రం కనపడడం లేదు. ఇంట్లో నీళ్ళు రాలేదు, అది మంచిదే. ఒక్క సంగతి చెప్పాలి. ఈపాటికి ఇసక తిరిగి రావాలి. గోడ బయట రాలేదు. కెరటం రాళ్ళకు కొట్టుకుని, ఉన్న ఇసకను కూడా లాక్కుపోతోంది. పడవలు లాగే చోటు పోయింది. గోడకు చివర ఉత్తరం వైపు ఒక గుంట పడింది. మొదట మనిషి మోకాలు లోతు. నిన్న మీ బావ దిగితే నడుము దాకా ఉంది.

చేపలు ఎండబెట్టడానికి తావు తగ్గింది. నేనూ లక్ష్మణమ్మా చాపల కోసం రోజూ దెబ్బలాడుకుంటున్నాం.

ఏసమ్మ


క్వారీ షెడ్లు
14 మే 2024

ఏసమ్మా,

గుంట పడిందంటే అక్కడ రాయి తక్కువ పడి ఉంటుంది. రాయి ఇసకను తింటుందని ఎక్కడా వినలేదు. నేను వినలేనన్నది వేరే సంగతి.

నువ్వు పుట్టినప్పటి నుంచి ఇసకలో ఉన్నావు. నీకు రాయి అంటే భయం. నేను రాయితో బతికాను. ఒకచోట పెడితే అక్కడే ఉంటుంది. మనుషుల్లో ఆ గుణం తక్కువ. ఓపిక పట్టు. ఒక వానాకాలం గడిస్తే గోడ కుదురుకుంటుంది, ఇసకా వస్తుంది.

సమాధుల తోటకు దూరం మళ్ళీ కొలిచి రాయి.

పరంజ్యోతి


సరుగుడుపేట
19 ఆగస్టు 2024

అన్నకు,

కొలవమన్నావు. గోడ చివర నుంచి కొలిస్తే ఆ రెండు వందల అంగలే. గోడ కదలదు కదా. కానీ గోడ చివర దాటాక సముద్రం లోపలికి తిరిగింది. నీటి అంచు నుంచి ఇప్పుడు డెబ్బై అంగలు. తోపులో సరుగుళ్ళు రోజుకు నాలుగైదు పడుతున్నాయి. పొయ్యి కట్టెలకు కొదవ లేదు. ఆ తోపు మా మామగారి చేతుల మీద నాటింది.

మా వీధి ముందు ఇసక లేదు. రాళ్ళు, వెంటనే నీళ్ళు. పెద్దవల లాగడానికి తావు లేక దాన్ని చుట్టి షెడ్డులో పెట్టేశారు. మేం చేపలు తారు రోడ్డు మీద ఎండబెడుతున్నాం. పోయిన వారం ఒక కారు నా నెత్తళ్ళ మీదుగా పోయింది. దాని వెనక లక్ష్మణమ్మ పరిగెత్తిన తీరు నువ్వు చూడాలి.

మీ బావ సంగతి రాయకూడదనుకున్నాను. పడవను రాళ్ళ మీదకు ఎక్కించబోతే కెరటం వచ్చి, కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. పాదం ఎముకలు నలిగాయి. కట్టు కట్టారు. సముద్రానికి ఇక పోలేడేమో.

ఒక కుర్ర ఇంజనీరు వచ్చి చూశాడు. మీ బావ మంచం దగ్గర కూర్చుని టీ తాగి, మెల్లగా చెప్పాడు. ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డు పట్టుకుని నడుస్తుందట. గోడ దగ్గర నడవలేక లోతుకు పోతుందట. గోడ అవతల ఉన్న చోటుకు రావలసిన ఇసక రాదు. కెరటానికి ఏదో ఒకటి కావాలి కనుక ఒడ్డునే తీసుకుంటుంది. "గోడ చివర ఎక్కడుంటే అక్కడే తింటాదమ్మా" అన్నాడు. "మరి ముందే చెప్పలేదేటి బాబూ?" అంటే టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు.

గోడ పొడిగించమని ఎవరైనా అడుగుతారేమోనని విక్టర్‌కు భయం. ఊళ్ళో మేమెవరం అడగలేదు.

ఏసమ్మ


క్వారీ షెడ్లు
8 సెప్టెంబరు 2024

ఏసమ్మా,

బావ కాలు ఎలా ఉంది? ఆముదం రాసి కాపడం పెట్టు.

నన్ను విజయనగరం తీసుకెళ్ళి ఫొటో తీశారు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుందట. తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోమన్నారు. ముప్పై ఏళ్ళు మింగిన దుమ్ము ఇప్పుడు కక్కమంటే ఎలా వస్తుంది? మేస్త్రీ పని మాత్రం మానలేదు. కుర్చీ వేసుకుని చేత్తో చూపిస్తున్నాను.

డెబ్బై అంగలు అన్నావు. ఆ మాట నాలుగు రోజులుగా నా తలలో ఉంది. నువ్వేమీ కంగారు పడకు. ఏదో ఒక దారి దొరుకుతుంది.

ఖాళీగా ఉన్నప్పుడు ఒక నల్లరాయి చెక్కుతున్నాను. ఎందుకో తరవాత చెబుతాను.

పరంజ్యోతి


సరుగుడుపేట
25 నవంబరు 2024

అన్నకు,

నీ ఊపిరి సంగతి మీ బావకు చదివి వినిపించాను. వినగానే "బావని మనింటికి వచ్చేయమను. ఇక్కడ గాలైనా మంచిది" అన్నాడు. ఆలోచించు.

గోడ పొడిగించారు. అక్టోబరులో లారీలు మళ్ళీ వచ్చాయి, నీకు తెలిసే ఉంటుంది. తోపు దాటి వచ్చి, సరిగ్గా సమాధుల తోట కంచె దగ్గర ఆగింది. ఇప్పుడు చివర అక్కడుంది. ఎందుకు ఆపారని మిషను వాణ్ణి అడిగితే "మంజూరు ఇంతే" అన్నాడు.

విక్టర్ మండలానికి వెళ్ళి అడిగి వచ్చాడు. ఊరి వాడినని చెప్పుకుని ఎవరో అర్జీ పెట్టారట, పేరు చెప్పలేదు. సమాధులను కాపాడమని రాశారట. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాం, ఎవరూ ఒప్పుకోలేదు. లక్ష్మణమ్మ అయితే రోడ్డు మీద నిలబడి దుమ్మెత్తి పోసింది. నేనూ తక్కువ తిట్టలేదు. ఎవడో గాని వాడి రెండు చేతులూ పడిపోను. వాడికి పాతిపెట్టడానికి ఇంత మట్టి కూడా దొరక్కుండా పోను. ఆరాధనకు వెళ్ళేదాన్ని అలా అనకూడదని విక్టర్ మందలించాడు. అన్నాను మరి.

కంచె దగ్గర అప్పుడే గుంట పడింది.

నువ్వు లోడింగు దగ్గర ఉంటావు కదా. ఇక రాయి పంపొద్దని నరసింగరావు గారికి చెప్పలేవా?

ఏసమ్మ


క్వారీ షెడ్లు
12 జనవరి 2025

ఏసమ్మా,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. జ్వరం.

రాయి సంగతి నా చేతిలో లేదు.

ఈ లారీలో గోనెపట్టా చుట్టిన రాయి ఒకటి వస్తుంది. గోడకు కాదు. ఈశ్వర్‌కు మరీ మరీ చెప్పాను, మిషను వాడు పొరపాటున తీసుకుపోయి గోడలో పడేస్తాడని. నేను చెక్కుతున్నానన్నది అదే. ఎడమ వైపు ప్రిస్కిల్లా పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. కుడి వైపు నా పేరు, పుట్టిన ఏడు. మిగతాది మీరు చెక్కించాలి. కింద "ప్రభువునందు నిద్రించుచున్నారు" అని ఉంది. అక్షరాల్లో సున్నాలు సరిగా కుదరలేదు.

ఈస్టరుకు ముందు నిలబెట్టించు. పునాది రెండడుగులు తవ్వాలి. ఇసక నేల కదా.

అక్కడంతా బాగానే ఉందా? డిసెంబరు వాయుగుండం సంగతి నువ్వేమీ రాయలేదు.

పరంజ్యోతి


సరుగుడుపేట
10 ఫిబ్రవరి 2025

అన్నకు,

రాయి క్షేమంగా చేరింది. నలుగురు పట్టి దింపారు. అక్షరాలు బాగున్నాయి. వదిన పేరులో ఒత్తులు ఎంత చక్కగా వచ్చాయో అని విక్టర్ కూడా అన్నాడు. సున్నాలకు ఏమీ కాలేదు.

వాయుగుండం మామూలుగానే వచ్చింది, పోయింది. మా ఇల్లు బాగుంది.

మీ బావ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వలలు బాగుచేసే పని దొరికింది. ఇంట్లో కూర్చుని నన్ను సతాయించడం తగ్గింది. లక్ష్మణమ్మకు కళ్ళ ఆపరేషను అయింది, ఇప్పుడు నా చేపల్లో ఇసక రేణువులు కూడా లెక్కపెడుతోంది. ఈసారి కవళ్ళు సన్నం, అందుకే తక్కువ పంపాను. వేడినీళ్ళు తాగు. చలిలో బయట కూర్చోకు.

సున్నం పంపకు. ఇక్కడ ఉంది.

ఏసమ్మ


క్వారీ షెడ్లు
5 ఏప్రిల్ 2025

ఏసమ్మా,

ఈ ఈస్టరుకు నేనే వస్తున్నాను. ఈశ్వర్ కేబిన్‌లో పడుకోబెట్టి తీసుకొస్తానన్నాడు. అంటే, నేను అడిగితే తల ఊపాడు. ఎందుకో మొహం అటు తిప్పుకున్నాడు. ఈమధ్య వాడు నా అరచేతిలో ఏమీ రాయడం లేదు. డ్రైవరుకు పని ఎక్కువై ఉంటుంది.

నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. వచ్చే ఏడు చూస్తానో లేదో. ఒకసారి మీ వదిన దగ్గర కూర్చుని, నా స్థలం చూసుకుని వస్తాను. రాయి నిటారుగా నిలబెట్టారో లేదో కూడా చూడాలి. మీ వాళ్ళకు తూకం తెలియదు.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నానికి చేరతాను. నా కోసం కోడిని కొయ్యొద్దు, నమలలేను.

పరంజ్యోతి


సరుగుడుపేట
9 ఏప్రిల్ 2025

అన్నకు,

నువ్వు రావొద్దు. ముందు ఇది చదువు.

సమాధుల తోట లేదు. డిసెంబరులో పోయింది. వాయుగుండం మూడు రోజులుంది. గోడ చివర దగ్గర నీళ్ళు సుడి తిరిగి, వెనక నుంచి లోపలికి వచ్చాయి. మొదటి రోజు కంచె పోయింది. రెండో రోజు ముందు వరస. విక్టరూ మగవాళ్ళూ నడుములకు తాళ్ళు కట్టుకుని, ఇంకా మిగిలినవి తవ్వడం మొదలుపెట్టారు. ముప్పైలో పదకొండు తవ్వగలిగారు. మూడో రోజు మధ్యాహ్నం వదిన ఉన్న వరస వంతు వచ్చింది. సగం తవ్వేసరికి గట్టు విరిగి పడింది. దొరికినవి దొరికినట్టు సిమెంటు సంచుల్లో వేశారు. పొద్దుపోయేసరికి ఏ సంచి ఎవరిదో ఎవరికీ తెలియలేదు.

ఒక సంచిలో చేతి గాజు ముక్క ఉంది. లక్ష్మణమ్మ "ఇది ప్రిస్కిల్లమ్మదే" అంది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియలేదు.

అన్నీ కలిపి తారు రోడ్డు అవతల ఒకే గోతిలో పెట్టారు. గరప నేల, అంతా గట్టి కంకర. గునపం దిగకపోతే మిషను తెచ్చారు, గోడ పనికి వచ్చిన మిషనే.

నీ నాలుగు రాళ్ళు పోయాయి.

నువ్వు పంపిన రాయి మా షెడ్డులో పెద్దవల కింద ఉంది. ఆ గోతి మీద ఒక ఇంటి రాయి నిలబెట్టడానికి మిగతా ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళది తప్పని నేను అనలేను.

నీకు చెప్పొద్దని ఈశ్వర్ చేత నేనే ఒట్టు వేయించాను. అతన్ని ఏమీ అనకు. నీ ఊపిరి బాగుపడ్డాక రాద్దామనుకున్నాను. బాగుపడదని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. అయినా అలా అనుకున్నాను.

ఏసమ్మ


క్వారీ షెడ్లు
14 ఏప్రిల్ 2025

ఏసమ్మా,

చదివాను. ఈశ్వర్ జవాబు కోసం చెయ్యి చాచితే వెంటనే రాయలేకపోయాను. మూడు ట్రిప్పులు ఉత్తరం లేకుండానే తిరిగాడు.

అర్జీ పెట్టింది నేను.

కుర్ర ఇంజనీరు అన్న మాట నువ్వు ఆగస్టులో రాశావు. చివర ఎక్కడుంటే అక్కడ తింటుందని. అది చదివి, అయితే ఆ చివరను సమాధులు దాటించెయ్యాలి అనుకున్నాను. తినేదేదో అవతల ఖాళీ ఒడ్డును తింటుంది, మీ వదిన గోడ వెనక ఉంటుంది అని లెక్క వేశాను. ఖాళీ ఒడ్డు అవతల ఇంకో ఊరుందని నాకు తెలుసు. తెలిసే రాశాను. మూడు వందల మీటర్లు అడిగాను. షెడ్లలో ఇరవై మంది చేత సంతకాలు పెట్టించాను. నరసింగరావు గారు తీసుకెళ్ళి ఇచ్చారు. నూట యాభై మీటర్లే మంజూరైంది. చివర సరిగ్గా మీ వదిన దగ్గర ఆగింది. ఆ రాళ్ళు కూడా నేనే ఎంచి ఎక్కించాను. ఒక్కదానికి పగులు లేదు.

నవంబరులో నువ్వు తిట్టిన తిట్టు నాకు చేరింది. అప్పుడే ఒప్పుకోవలసింది. చెయ్యి రాలేదు.

ఈస్టరుకు రాను. నన్ను ఇక్కడే కొండ కింద పెట్టమని షెడ్లలో చెప్పాను. తనను ఇసకలోంచి మళ్ళీ రాళ్ళలోకి తెచ్చినవాణ్ణి, పక్కన పడుకునే ముఖం నాకు లేదు.

ఆ రాయిని నూతి దగ్గర వేసుకో, బట్టలుతకడానికి పనికొస్తుంది. అక్షరాలు కిందకు పెట్టు.

పరంజ్యోతి


సరుగుడుపేట
23 ఏప్రిల్ 2025

అన్నకు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. లక్ష్మణమ్మకు వినిపించలేదు. తనకు నోరు ఆగదు.

నేను తిట్టింది తిట్టాను. వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. నువ్వు అబద్ధం ఆడావు, నేనూ ఆడాను. నేను డిసెంబరులోనే రాసి ఉంటే నువ్వు జనవరిలో ఆ రాయి పంపేవాడివి కాదు. నువ్వు సెప్టెంబరులో రాసి ఉంటే విక్టర్ వెళ్ళి ఆపించేవాడు. ఇప్పుడు ఇది తిరగేసి ఏం లాభం.

ఈస్టరుకు అందరం రోడ్డు అవతలి గోతి దగ్గరకు వెళ్ళాం. ఒకటే దిబ్బ కనుక సున్నం అరబస్తా సరిపోయింది. పోయినవాళ్ళ పేర్లు విక్టర్ చదివాడు. లారీల మోత వచ్చినప్పుడల్లా చదవడం ఆపి, మళ్ళీ చదివాడు.

నీ అక్షరాలు కిందకు పెట్టడం నా వల్ల కాదు. రాయి షెడ్డులోనే ఉంటుంది.

కొండ కింద వద్దు. గోతి పక్కన ఆరడుగులు విక్టర్‌ను అడిగి కొలిచాను. "ఈ నేల సముద్రానికి దక్కే దాకా మనదే, కొలుసుకో" అన్నాడు. ఒక తట్ట ఇసక తెచ్చి అక్కడ పోశాను. ఆ తట్ట కోసం ఉత్తరానికి మైలు నడవవలసి వచ్చింది. అక్కడి ఊరి వాళ్ళు "మా ఇసక మీకెందుకమ్మా, మీ గోడెనకాల నేదేటి?" అని అడిగారు. సమాధికని చెప్పాను. ఒకావిడ తనే తట్ట ఎత్తి నా నెత్తిన పెట్టింది. వాళ్ళ ఒడ్డుకు కూడా గట్టు పడింది, చూశాను.

నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాను. వేరే రాళ్ళు ఎక్కడున్నాయి? గోడ నుంచి జారి పడినవే తెచ్చాను. నీ కొండవే.

ఇంకొక కాగితం దీనితో వస్తుంది. గోడను మళ్ళీ పొడిగిస్తామంటున్నారు, ఈసారి తారు రోడ్డును కాపాడడానికట. వద్దని, గోతి అవతల మెట్ట మీద మాకు ఇళ్ళ స్థలాలు ఇవ్వమని విక్టర్ రాశాడు. ఊళ్ళో అందరం సంతకాలు పెట్టాం. లక్ష్మణమ్మ వేలిముద్ర వేసింది. ఇసక అరువిచ్చిన ఊరి వాళ్ళూ పెట్టారు. చివర ఒక గీత ఖాళీగా ఉంచాం. పొడిగించమని అడిగినవాడే వద్దంటే దానికి బరువు ఉంటుందని మీ బావ అన్నాడు. క్వారీలో నీకు మాట వస్తుందని నాకు తెలుసు. నీ చేతులు ఇంకా పడిపోలేదు కదా, పెట్టి పంపు. ఈశ్వర్ సాయంత్రం దాకా ఆగుతాడు.

నిన్న కొలిచాను. సముద్రం నుంచి నీ స్థలానికి నాలుగు వందల పన్నెండు అంగలు.

ఏసమ్మ